క్లిప్‌లెస్ వదిలి ఫ్లాట్ పెడల్స్‌కి మారడం: ఎంటీబీ తొక్కేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున్నే అనంతగిరి దారి పట్టే మా గుంపులో ప్రతిసారీ ఎవరో ఒకరు నా పెడల్స్ వంక చూసి "ఏంటన్నా, క్లీట్స్ మానేశావా?" అంటారు. అక్కణ్ణుంచి మొదలు. ఇడ్లీ చల్లారిపోతుంది గానీ ప్రశ్నలు ఆగవు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఆరేళ్లు క్లిప్‌లెస్ మీద తొక్కి, నాలుగేళ్ల కిందట ఫ్లాట్స్‌కి వచ్చినవాణ్ణి. ఇక్కడ చెప్పేదంతా మట్టి, రాళ్ల దారుల్లో ఎంటీబీ, అంటే మౌంటెన్ బైక్, తొక్కేవాళ్ల కోసం. రోడ్ బైక్ లెక్క వేరు.

క్లిప్‌లెస్ అంటే క్లిప్పు లేనిదనే కదా? మరి కాలు ఇరుక్కునేది అందులోనేగా?

ఈ పేరు దగ్గర తికమకపడనివాళ్లు లేరు. పూర్వం రేసు సైకిళ్ల పెడల్ ముందు ఒక పంజరం, దానికో తోలు పట్టీ ఉండేవి. షూ ముందు భాగం అందులో దూర్చి పట్టీ బిగించుకునేవాళ్లు. ఆ పంజరం పేరు టో క్లిప్. 1984లో, అప్పటిదాకా స్కీయింగ్ సామాను చేస్తున్న ఫ్రెంచ్ కంపెనీ లుక్, షూ అడుగునే పెడల్‌కి టక్కున పట్టించే పద్ధతి తెచ్చింది. పంజరం పోయింది గనక క్లిప్‌లెస్ అన్నారు. మరుసటి ఏడు బెర్నార్డ్ ఇనో వాటితోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచేసరికి రోడ్ రేసర్లు అటు తిరిగారు. మట్టిదారుల వాళ్లకి 1990లో షిమానో కంపెనీ వాళ్ల ఎస్‌పీడీ పద్ధతి వచ్చింది. షూ అడుగున ఒక గుంట, ఆ గుంటలో 2 బోల్టులతో బిగించిన చిన్న ఇనుప ముక్క. మనం క్లీట్ అనేది దాన్నే.

ఫ్లాట్ పెడల్‌లో ఇవేవీ ఉండవు. అరచెయ్యంత పలక, దాని మీద నిలబడ్డ పిన్నులు, వాటిని కరుచుకునే రబ్బరు అడుగు. అంతే.

క్లిప్‌లెస్ బాగానే ఉంది కదా, ఎందుకు మారాలి?

బాగానే ఉంటే మారకండి. నిజంగానే చెబుతున్నాను.

నేను మారిన కారణం చెబుతాను. ఒకరోజు ఖాజాగూడ బండల మీద ఏటవాలుగా ఎక్కుతున్నాను. చక్రం జారి బండి ఆగిపోయింది. మడమ బయటికి తిప్పితే క్లీట్ ఊడాలి. నేను కంగారులో కాలు పైకి లాగాను. క్లీట్ పైకి లాగితే ఊడదు. బండి మీద ఉన్నవాణ్ణి ఉన్నట్టే, చెట్టు నరికితే ఒరిగినట్టు పక్కకి ఒరిగి మోచెయ్యి మీద పడ్డాను. వేగం సున్నా. పక్కన నడకకి వచ్చిన పెద్దాయన "బాబూ, ఆగిన సైకిల్ మీంచి ఎట్లా పడ్డావయ్యా?" అని నిజంగానే ఆశ్చర్యపోయాడు.

దెబ్బ వారంలో మానింది. మానకుండా మిగిలింది ఇంకొకటి. ఏ రాయి దగ్గరికి వచ్చినా నా చూపు దారి మీద కాకుండా కాళ్ల మీదికి పోయేది. ఇప్పుడే ఊడదీయనా, ఇంకాస్త ముందుకెళ్లాక తీయనా? ఆ లెక్కలో రెండు క్షణాలు పోయేవి, ఆ రెండు క్షణాల్లో దారి తప్పేది. అందుకని తమ్ముడి దగ్గర మామూలు ఫ్లాట్ పెడల్స్ అడిగి తెచ్చి వేసుకున్నాను. మొదటిరోజే ఇంకో సంగతి బయటపడింది: నాకు వెనక చక్రం లేపడం రాదు. ఆరేళ్లూ లేపుతున్నాననే అనుకున్నాను. లేపింది నేను కాదు, క్లీట్. కాళ్లు కట్టేసి ఉన్నాయి గనక నేను ఎగిరితే బండి కూడా వచ్చేది.

క్లిప్‌లెస్ మంచిదా, ఫ్లాట్ మంచిదా అన్న వాదన నాకు అక్కర్లేదు. కాళ్లు చేయాల్సిన పనిలో ఎంత క్లీట్ చేస్తోందో తెలుసుకోవాలంటే మాత్రం ఓ రెండు నెలలు ఫ్లాట్స్ వేసి చూడాల్సిందే.

రేసర్లంతా క్లిప్‌లెస్సే వాడతారు కదా?

క్రాస్ కంట్రీలో, అవును. అక్కడ గంటన్నర సేపు ప్రాణం పెట్టి తొక్కాలి, మధ్యమధ్యలో స్ప్రింట్లు కొట్టాలి. ఆ ఆటకి క్లీట్ ఉండాల్సిందే.

దిగుడు రేసుల్లో కథ అంత ఏకపక్షం కాదు. ఆస్ట్రేలియా వాడు శామ్ హిల్ 2006, 2007, 2010లలో డౌన్‌హిల్ ప్రపంచ చాంపియన్ అయింది ఫ్లాట్ పెడల్స్ మీదే. తర్వాత ఎండ్యూరో వైపు వచ్చి, ఎక్కుళ్లూ దిగుళ్లూ రెండూ ఉండే ఎండ్యూరో వరల్డ్ సిరీస్‌ని 2017, 2018, 2019లలో వరసగా మూడేళ్లు గెలిచాడు. అప్పుడూ ఫ్లాట్సే. చుట్టూ ఉన్నవాళ్లలో ఎక్కువమంది క్లిప్‌లెస్ మీద ఉన్న రోజుల్లో.

అంతమాత్రాన ఫ్లాట్స్ వేసుకుంటే శామ్ హిల్ అయిపోతామని కాదు లెండి.

ఎక్కుడులో వెనకబడిపోతానా?

ఎక్కువమంది భయం ఇదే. పైకి వచ్చే పెడల్‌ని కూడా లాగచ్చు కాబట్టి క్లిప్‌లెస్‌లో శక్తి ఎక్కువ అని అందరూ చెబుతారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ మామూలు వేగంతో తొక్కేటప్పుడు దాదాపు ఎవరూ పెడల్‌ని నిజంగా పైకి లాగరు. మహా అయితే పైకి వచ్చే కాలి బరువు కొంచెం తగ్గిస్తారు. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో సైక్లిస్టుల చేత కావాలని పైకి లాగుతూ తొక్కించి చూస్తే, బలం పెడల్ తిరిగే చుట్టంతా సమంగా పడింది గానీ ఒంట్లో ఖర్చయిన శక్తి ఎక్కువైంది. తమకి అలవాటైన తీరులో తొక్కినప్పుడే తక్కువ ఖర్చుతో పని జరిగింది.

గట్టిగా స్ప్రింట్ కొట్టినప్పుడు, పెడల్స్ గిరగిరా తిప్పేటప్పుడు మాత్రం తేడా ఉంది. అక్కడ క్లిప్‌లెస్‌దే పైచేయి, కాదనను.

నా మటుకు నాకు, తారు రోడ్డు ఎక్కుడులో మొదటి నెల కొంచెం వెనకబడ్డాను, తర్వాత మామూలే. రాళ్ల ఎక్కుడులో అయితే ముందుకన్నా ఎక్కువ దూరం పోతున్నాను. ఆగిపోతే ఒక కాలు కింద తాటించి మళ్లీ తొక్కచ్చు. ఇదివరకు ఆగిపోతాననిపించగానే ముందే కాలు తీసేసేవాణ్ణి. కాలు తీస్తే ఎలాగూ ఆగిపోతాం కదా.

మొదటి నెల ఎలా ఉంటుంది?

చిరాగ్గా ఉంటుంది. మొదటి రెండు రైడ్లలో ప్రతి ఆగుడుకీ మడమ బయటికి తిప్పుతూనే ఉంటారు. ఆరేళ్ల అలవాటు ఊరికే పోదు. చూసేవాళ్లకి కాలు బెణికిందేమో అనిపిస్తుంది.

తర్వాత అసలు కష్టం. రాళ్ల మీద గడగడమని దిగేటప్పుడు పాదాలు పెడల్ మీద గంతులేస్తాయి. ఒక్కోసారి పూర్తిగా గాల్లోకి లేస్తాయి. "ఈ పెడల్స్‌కి పట్టు లేదు" అని తిట్టుకుని చాలామంది ఇక్కడే వెనక్కి వెళ్లిపోతారు. పట్టు లేనిది పెడల్‌కి కాదు. కింద మడమల గురించి రాసింది చదివి, ఇంకో నాలుగు రైడ్లు ఓపిక పట్టండి.

ఇంకొకటి, పిక్కలు పట్టేస్తాయి. మడమ దించి నిలబడటం పిక్కలకి కొత్త పని. నాకు రెండో వారం మెట్లు దిగాలంటే ఏడుపొచ్చింది.

కష్టమైన దారికి మొదటిరోజే వెళ్లకండి. బాగా తెలిసిన, మీకు బోరు కొట్టే దారినే ఎంచుకోండి.

ఏ పెడల్స్ కొనాలి?

ముందు షూ సంగతి తేల్చండి. పెడల్ తర్వాత.

సరే, ఏ షూ?

అడుగు చదునుగా, మెత్తటి జిగురు రబ్బరుతో ఉండాలి. వేలితో నొక్కితే కాస్త లోపలికి పోయి నెమ్మదిగా తేరుకునే రబ్బరు అన్నమాట. పిన్ను అందులోకి దిగి నిలబడుతుంది. ఈ తరహా రబ్బరుకి పేరు తెచ్చింది ఫైవ్ టెన్. మొదట్లో కొండలెక్కేవాళ్లకి షూలు చేసిన కంపెనీ, వాళ్ల స్టెల్త్ రబ్బరు బండల మీద పట్టు కోసం పుట్టింది. 2011లో అడిడాస్ దాన్ని కొనేసింది. ఇప్పుడు షిమానో, స్పెషలైజ్డ్, రైడ్ కాన్సెప్ట్స్ లాంటివాళ్లు కూడా ఫ్లాట్ పెడల్ షూలు చేస్తున్నారు.

రన్నింగ్ షూతో నెట్టుకొస్తానంటారు చాలామంది. మా గుంపులో ఒకతను ఖరీదైన పెడల్స్ కొని, వాటి మీద జాగింగ్ షూ వేసుకొచ్చాడు. అడుగు మెత్తటి స్పాంజి, పెడల్ చుట్టూ వంగిపోతుంది. రెండు గంటలయ్యేసరికి అరికాళ్లు మంట. పైగా ఆ అడుగున ఉండే పెద్ద గాడులు పిన్నులకి అడ్డదిడ్డంగా తగిలి, ఒక్కోచోట పట్టుకుంటాయి, ఒక్కోచోట జారతాయి. వచ్చేవారం అతనికి నా పాత ఫ్లాట్ షూ ఇచ్చాను. దిగి వచ్చి, పెడల్స్ మార్చావా అని నన్నడిగాడు.

డబ్బు తక్కువుంటే మామూలు నైలాన్ పెడల్స్, మంచి షూ తీసుకోండి. దానికి తలకిందులుగా మాత్రం చేయకండి. ప్రస్తుతానికి ఏదీ కొనలేకపోతే, చదునైన రబ్బరు అడుగున్న కాన్వాస్ షూ రన్నింగ్ షూ కన్నా నయం.

నా క్లీట్ షూతోనే ఫ్లాట్ పెడల్స్ తొక్కచ్చా?

వద్దు. అడుగు గట్టి ప్లాస్టిక్, మధ్యలో ఇనుప ముక్క. పిన్నుల మీద సబ్బు ముక్కలా జారుతుంది. క్లీట్ తీసేసినా అక్కడ గుంట మిగులుతుంది, సరిగ్గా పాదం ఆనాల్సిన చోట.

చెప్పులతో?

కైంచీ తొక్కుడు రోజుల్లో ఉత్తకాళ్లతో తొక్కాం, నిజమే. ఆ అద్దె సైకిల్ పెడల్‌కి రబ్బరు దిమ్మలుండేవి, పిన్నులు కాదు. వద్దు.

ఇప్పుడు పెడల్స్ గురించి చెప్పండి. నైలానా, అల్యూమినియమా?

రెండూ పనిచేస్తాయి. నైలాన్ పెడల్ చవక, జత సుమారు 350 గ్రాముల దగ్గర ఉంటుంది. బండకి తగిలితే రాచుకుని జారిపోతుంది. అల్యూమినియంది ఇంకాస్త పలచగా చేయచ్చు, పిన్నుల పట్టు కూడా సాధారణంగా ఎక్కువ. బండకి తగిలితే ఒక్కోసారి పట్టేస్తుంది. మన దక్కన్ గ్రానైట్ మీద పెడల్ తగలకుండా ఇల్లు చేరడం కల్ల. కాబట్టి మొదటి జత నైలాన్‌దే తీసుకోమంటాను. రేస్ ఫేస్ చెస్టర్, వన్అప్ కాంపోజిట్ ఈ తరహావే.

కొనేటప్పుడు మూడు సంగతులు చూడండి. పలక వెడల్పు మీ షూకి సరిపోవాలి. 10, 11 నంబరు పాదమున్నవాళ్లకి చిన్న పలక ఇస్తే షూ బయటికి వేలాడుతుంది. రెండోది, పలక మధ్యలో కొంచెం పల్లంగా ఉండాలి. పాదం ఆ పల్లంలో కూర్చుంటుంది. మధ్యలో ఇరుసు దగ్గర ఉబ్బుగా ఉంటే పాదం దాని మీద ఊగుతుంది. మూడోది పిన్నులు: ఊడదీసి మార్చుకునే రకమై ఉండాలి. అచ్చులోనే పోసిన ప్లాస్టిక్ పిన్నులు కొన్నాళ్లకి అరిగి నున్నబడతాయి, అప్పుడు పెడలే మార్చాలి.

పిన్నులు మరీ పట్టేస్తుంటే, పాదం సర్దుకోవడానికే వీల్లేకపోతుంటే, ఇరుసు దగ్గరున్న మధ్య పిన్నులు రెండు తీసేసి చూడండి. అంచు పిన్నులు అలాగే ఉంచండి.

ఒకవైపు క్లిప్, ఇంకోవైపు ఫ్లాట్ ఉండే పెడల్స్ ఉన్నాయి కదా. రెండు రకాలుగా పనికొస్తాయి.

షిమానో ఈహెచ్500 లాంటివి. ఆఫీసుకి మామూలు షూతో వెళ్లి, ఆదివారం క్లీట్స్‌తో తొక్కేవాళ్లకి బాగుంటాయి. రాళ్ల దారిలో మాత్రం తలనొప్పి. కాలు తీసి మళ్లీ పెట్టేసరికి ఎప్పుడూ అక్కర్లేని వైపే పైకి ఉంటుంది.

పాదం ఎక్కడ పెట్టాలి?

క్లిప్‌లెస్‌లో బొటనవేలి వెనకుండే ఉబ్బు సరిగ్గా ఇరుసు మీద ఉండేలా క్లీట్ బిగిస్తారు. ఫ్లాట్స్‌లో పాదాన్ని ఇంకొంచెం ముందుకి జరపండి. ఇరుసు ఆ ఉబ్బుకి కాస్త వెనక, పాదం మధ్య భాగం వైపు ఉండాలి. ముందువేళ్లతో వేలాడుతున్నట్టు కాకుండా పెడల్ మీద నిలబడ్డట్టు ఉంటుంది. పిక్కల మీద భారం కూడా తగ్గుతుంది.

ముందే సరిగ్గా పెట్టుకోండి. మంచి షూ, మంచి పిన్నులు కలిస్తే పెట్టాక పాదం ఈడ్చి జరపలేరు, ఎత్తి మళ్లీ పెట్టాల్సిందే. మొదట్లో ఇది విసుగనిపిస్తుంది. ఎత్తి పెట్టడం ఒక వారంలో చేతనవుతుంది.

అందరూ "మడమలు దించు" అంటారు. ఎందుకు? ఎంత?

ఈ పేజీలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే.

రాయికి చక్రం కొట్టుకున్నప్పుడు బండి ఒక్క క్షణం వెనక్కి ఆగుతుంది. మీ ఒళ్లు మాత్రం అదే వేగంతో ముందుకి పోతూ ఉంటుంది. పాదం బల్లపరుపుగానో, వేళ్లు కిందికి వంగో ఉంటే ఆ ఊపుకి పాదం పెడల్ మీంచి ముందుకి జారిపోతుంది. మడమ దించి ఉంటే పెడల్ పలక కూడా వెనక్కి వాలి, మీ అరికాలికి ఎదురుగా గోడలా నిలుస్తుంది. ముందుకి పోవాలనుకున్న ఒళ్లు ఆ గోడని తంతుంది. అంటే దెబ్బ ఎంత గట్టిగా తగిలితే పాదం పెడల్‌కి అంత గట్టిగా అదుముకుంటుంది. బ్రేకు నొక్కినప్పుడూ ఇదే.

మడమ దించమన్నారని మోకాలు బిగబట్టి నిలబడితే లాభం లేదు. అప్పుడు ప్రతి రాయీ మిమ్మల్ని పైకి ఎగరేస్తుంది, పాదాలు మళ్లీ గాల్లోకి. మోకాళ్లు వదులుగా వంగి ఉండాలి, చీలమండలు ఆడుతూ ఉండాలి, బరువు చేతుల మీద కాకుండా పాదాల మీద పడాలి. మీకు తెలియడానికి చిన్న పరీక్ష: దిగేటప్పుడు హ్యాండిల్ మీద వేళ్లు ఓసారి వదులు చేసి చూడండి. ముందుకి తూలితే బరువు ఇంకా చేతుల మీదే ఉంది.

ఎంత దించాలంటే, చీలమండ ఎంత హాయిగా దిగితే అంతే. కొలతలు పెట్టుకోకండి. అన్నిచోట్లా దించే ఉంచాలనీ కాదు. మామూలు దారిలో పాదం సమంగా ఉన్నా చాలు. గతుకులు, బ్రేకు, పెద్ద దిగుడు వచ్చినప్పుడు దించండి. దిగేటప్పుడు రెండు పెడల్స్ నేలకి సమానంగా ఉంచండి, ఒకటి కిందికి వేలాడితే ఏ బండకో తగులుతుంది.

క్లీట్ లేకుండా వెనక చక్రం ఎలా లేస్తుంది?

వానాకాలం చెరువు గట్టు ఎక్కినవాళ్లకి ఇది తెలుసు. జారే మట్టిలో వేళ్లు గుచ్చి, నేలని వెనక్కి తన్ని పైకి పోతాం. అదే ఇక్కడ కూడా. వేళ్లు కిందికి వంచి, పెడల్‌ని వెనక్కీ పైకీ తన్నండి. అదే సమయంలో చేతులతో హ్యాండిల్‌ని ముందుకి తోయండి. రెండూ కలిస్తే వెనక చక్రం పాదాల వెంట పైకి వస్తుంది. పాదాలు బండిని ఎత్తవు, రెండు వైపులా బిగించి పట్టుకుంటాయి.

ఖాళీ స్థలంలో, చిన్న కట్టె పుల్ల ఒకటి అడ్డం పెట్టుకుని నేర్చుకోండి. ఇటుక వద్దు. నేను ఇటుక పెట్టుకున్నాను.

కాలికి పిన్ను గీసుకుంటే?

"గీసుకున్నప్పుడు" అనండి, "గీసుకుంటే" కాదు. పాదం జారినప్పుడు పెడల్ గిర్రున తిరిగి మోకాలి కింద ఎముక మీద కొడుతుంది. నా కుడికాలి మీద నాలుగు చుక్కలు వరసగా ఉన్నాయి, పెడల్ మీద పిన్నుల ఎడంతో సరిగ్గా సరిపోతాయి. మా ఆవిడ మొదటిసారి చూసి కుక్క కరిచిందనుకుంది.

మొదటి రెండు నెలలు కాలికి గార్డులు వేసుకోండి, మోకాలితో కలిసి వచ్చేవి అయితే ఇంకా మంచిది. తెగితే సబ్బు, నీళ్లతో బాగా కడగండి. పిన్ను మీద మట్టి, పేడ, అన్నీ ఉంటాయి. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు తీసుకున్నారో గుర్తులేకపోతే డాక్టర్‌ని అడగండి. లోతుగా తెగి నోరు తెరుచుకుంటే ఇంట్లో పసుపు పెట్టుకుని కూర్చోకండి, కుట్లు పడాల్సి రావచ్చు.

పెడల్స్ ఇంట్లో మార్చుకోవచ్చా?

పది నిమిషాల పని. 15 మి.మీ. పానా కావాలి. కొన్ని పెడల్స్‌కి పానా పట్టే చోటుండదు, క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) లోపలి వైపు నుంచి 6 లేదా 8 మి.మీ. అలెన్ కీ వేయాలి.

గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుంది. కుడి పెడల్ మామూలు బోల్టులాగే గడియారం దిశలో బిగుస్తుంది, ఎడమది దానికి వ్యతిరేకంగా. ఈ లెక్క తలకెక్కకపోతే ఇంకో గుర్తు: పానా పిడి నిటారుగా పైకి ఉంచి వెనక చక్రం వైపు లాగితే ఏ పక్కదైనా ఊడుతుంది, ముందు చక్రం వైపు లాగితే బిగుస్తుంది. లోపలి నుంచి అలెన్ కీ వేసినా ఇదే వర్తిస్తుంది. పెడల్ ఇరుసు మీద ఎడమ, కుడి గుర్తులు చెక్కి ఉంటాయి, చూసుకోండి.

విప్పేముందు చైన్‌ని ముందున్న పెద్ద పళ్ల చక్రం మీదికి ఎక్కించండి. లేకపోతే పానా జారినప్పుడు వేళ్ల కణుపులు పోయి పళ్లకి తగులుతాయి. కొత్త పెడల్ మరకి గ్రీజు రాసి, మొదటి నాలుగైదు చుట్లు చేత్తోనే తిప్పండి. చేత్తో తిరగకపోతే మర వంకరగా పట్టిందని అర్థం, వెనక్కి తీసి మళ్లీ పెట్టండి. బలవంతం చేయకండి. ఒకసారి ఒక షాపులో కుర్రాడు నా ఎడమ పెడల్‌ని పానాతో నేరుగా బిగించేశాడు. క్రాంక్ లోపల మర మొత్తం తినేసింది. పెడల్ మార్చడానికి వెళ్లి క్రాంక్ కొనుక్కొచ్చాను.

సీటు ఎత్తు మార్చాలా?

చాలావరకు మార్చాల్సి వస్తుంది. పెడల్ మందం మారింది, షూ అడుగు మందం మారింది, పాదం ముందుకి జరిగింది. నేను 6 మి.మీ. దించాను. మీది కొలిచి చూసుకోండి: పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండాలి, నడుము పక్కలకి ఊగకూడదు. వారం గడిచాక మళ్లీ చూడండి.

మోకాలి నొప్పి తగ్గుతుందంటారు, నిజమేనా?

క్లీట్ వంకరగా బిగించడం వల్ల వచ్చిన నొప్పయితే తగ్గచ్చు. ఫ్లాట్స్ మీద పాదం తనకి నచ్చిన కోణంలో కూర్చుంటుంది. సీటు ఎత్తు వల్లో, ఒకేసారి ఎక్కువ దూరం తొక్కడం వల్లో వచ్చిన నొప్పి పెడల్ మారిస్తే పోదు. నెల దాటినా నొప్పి ఉంటే ఫిజియోథెరపిస్ట్‌ని కలవండి.

వానాకాలంలో ఏది మేలు?

అనంతగిరి ఎర్రమట్టిలో ఆగస్టులో తొక్కారా? ఆ మట్టి క్లీట్ గుంటలోకి చేరి, పాదం పెట్టిన ప్రతిసారీ ఇంకాస్త దిమ్మిసా పడి, చివరికి క్లీట్ పెడల్‌లోకి దిగదు. పుల్లతో గీకి పెట్టాలి, నాలుగు అడుగులు నడిస్తే మళ్లీ అంతే. ఫ్లాట్స్‌కి ఆ బెడద తక్కువ. పిన్నుల మధ్య మట్టి చేరుతుంది గానీ పెడల్‌ని రెండుసార్లు తంతే రాలిపోతుంది.

షూ విషయంలో మాత్రం నష్టమే. ఫ్లాట్ షూలు చాలావరకు స్పాంజిలా నీళ్లు తాగుతాయి, కిలో బరువెక్కినట్టుంటాయి. ఇంటికొచ్చాక లోపల పాత పేపర్లు కుక్కి ఫ్యాన్ కింద పెట్టండి. ఎర్రటి ఎండలో పెడితే అడుగు అతుకు ఊడిపోయే ప్రమాదముంది.

పూర్తిగా మారకుండా, క్లిప్‌లెస్‌తోనే భయం తగ్గించుకునే దారి లేదా?

ఉంది. ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే నేను ఖాజాగూడలో పడకపోదును. ఎస్‌పీడీ పెడల్ వెనక చిన్న స్క్రూ ఉంటుంది, చాలా మోడళ్లకి 3 మి.మీ. అలెన్ కీ సరిపోతుంది. దాన్ని వదులు చేస్తే క్లీట్ తేలిగ్గా ఊడుతుంది. నాలుగు స్ప్రింగులూ సమానంగా వదులు చేయండి. అది చాలకపోతే క్లీట్ మార్చండి. మామూలుగా వచ్చే నల్లది ఎస్‌హెచ్51, మడమ పక్కకి తిప్పితేనే ఊడుతుంది. వెండి రంగుది ఎస్‌హెచ్56, అది ఇంకొన్ని దిశల్లో కూడా, కంగారులో పైకి లాగినా చాలాసార్లు ఊడుతుంది. పెడల్ అదే, క్లీట్ ఒక్కటే మారుతుంది.

ఎవరు మారకూడదు?

క్రాస్ కంట్రీ రేసులు, రోజుల తరబడి సాగే మారథాన్ రేసులు తొక్కేవాళ్లు. క్లీట్స్ మీద ఏ భయమూ లేకుండా, చక్రాలు కాళ్లతో లేపడం తెలిసి తొక్కుతున్నవాళ్లు. వచ్చే వారమే పెద్ద రైడ్ పెట్టుకున్నవాళ్లు కూడా ఇప్పుడే వద్దు, అది అయ్యాక చూసుకోండి.

మా అబ్బాయికి పన్నెండేళ్లు. క్లిప్‌లెస్ ఎప్పుడు అలవాటు చేయాలి?

ముందు ఫ్లాట్స్ మీద గంతులేయనివ్వండి. తొందరేం లేదు.

పాత క్లిప్‌లెస్ పెడల్స్ అమ్మేయనా?

మూడు నెలలు ఆగండి. నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి అవి ఉండాలి, మళ్లీ కొనాలంటే ఇప్పుడు అమ్మిన ధరకి రావు. మట్టి కడిగి, మరకి కాస్త గ్రీజు రాసి, గుడ్డలో చుట్టి పెట్టండి. క్లీట్ బోల్టులు విడిగా ఒక డబ్బాలో వేయండి, అవి పోతే దొరకడం కష్టం. నావి ఏడాది పాటు వంటింటి అటక మీద పాత హార్లిక్స్ సీసా పక్కన ఉన్నాయి. ఇప్పుడు రోడ్ బైక్‌కి వేశాను. అక్కడ బాగానే పనిచేస్తున్నాయి.